మెడ బక్కగున్నది బిడ్డా: సటీకా తాత్పర్యము

మూలము: "మెడ బక్కగున్నది బిడ్డా. శెయ్యి నిండుతలేదు. కామ మారిపియ్యి."

అవతారిక: ఈ వాక్యత్రయము మందమర్రిలో, కోల్ ఫిల్లరుగా రిటైరైన తాత నోట వెలువడినది. మనవడు పట్నం నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండు బోలు పెట్టె జాజ్ గిటారును ఆయన ఎడమచేత పట్టి చూచినాడు. తీగ ఒక్కటీ మీటలేదు. టీకాకారుడు ఆ మనవడే గనుక నిష్పక్షపాతము ఆశింపరాదు.

ప్రతిపదార్థము: మెడ = గిటారు కంఠము; బక్కగున్నది = కింద వివరింతుము; బిడ్డా = డబ్బు పోగొట్టుకున్నవానిని జాలితో పిలుచు పిలుపు; శెయ్యి = తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు టబ్బులు నింపిన తాత చెయ్యి, నాది కాదు; నిండుతలేదు = అరచేతికి, మెడ వీపుకు నడుమ గాలి ఆడుచున్నది; కామ = పారకు, గొడ్డలికి వేయు కర్ర; ఇచట గిటారు మెడ.

విశేషము: "బక్క" అనుమాటలో చరిత్ర యున్నది. తీగల లాగుడుకు మెడ వంగకుండుటకు పూర్వులు దానిని లావుగా, వీపున పడవ అడుగువలె కోసుగా చెక్కెడివారు. గిబ్సన్ గిటార్ల కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ మెడలోపల బిగించు ఇనుప కడ్డీకి 1921లో పేటెంటు కోరగా, 1923లో దక్కినది. 1922 నాటి ఎల్-5 గిటారు ఆ కడ్డీతోనే వచ్చినది. బొగ్గు బాయిలో పైకప్పుకు టింబర్ నిలబెట్టిన చోటికి రూఫ్ బోల్టు వచ్చినట్లే ననుకొనుడు. ఉపమానము సగమే నిలుచును: బోల్టు పైకప్పు పొరలను కలిపి పట్టును, కడ్డీ తీగలకు ఎదురు లాగును. ఏమైననేమి, ఇనుము లోపలికి పోయినంతట కర్రకు సన్నబడు స్వేచ్ఛ కలిగినది. 1960 ప్రాంతమున గిబ్సన్ మెడలు మరీ పలుచబడినవి. 1965లో తలవైపు మెడ వెడల్పు కూడ సుమారు 43 మిల్లీమీటర్ల నుంచి 40కి దిగినది. నా గిటారు ఆ బక్కకాలపు పోలికలో చేసినది.

శంక: సన్నని మెడ చేతికి తేలిక గదా? సమాధానము: వేగముగా పరుగెత్తు వేళ్లకు తేలికయే. జాజ్‌లో నాలుగేసి స్వరాల కార్డులు బీటుబీటుకు మారును. మెడ బక్కదైనచో బొటనవ్రేలు పటకారువలె నొక్కవలసి వచ్చును, గంటకు సలుపును. లావు మెడ బరువును అరచేతికి పంచును. ఇది నాకు ఆరు నెలలకు తెలిసినది, తాతకు పట్టుకోగానే తెలిసినది.

"కామ మారిపియ్యి" యనునది విధి. కాని బోలు గిటారు మెడ పెట్టెకు జిగురుతో అతికి యుండును, ఊడదీయుట శస్త్రచికిత్స. లియో ఫెండర్ చేసిన టెలికాస్టర్ గిటారుకైతే నాలుగు స్క్రూలు విప్పిన చాలును. కావున తాత ఫెండర్ మతస్థుడని తేలుచున్నది.

పాఠాంతరము: వంటింటి నుండి నాయినమ్మ విన్నది మొదటి వాక్యమే. మెడ మనవనిదని ఆమె అన్వయము. హాస్టల్ తిండిని తిట్టి, ఆ రాత్రి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించినది.