అన్నం మానాలనుకునేవారికి ఎదురు సలహాలు

సోమవారం మొదలుపెట్టకండి. దగ్గరి బంధువుల ఇంట పెళ్లి ఉన్న వారంలో మొదలుపెట్టండి. అందరూ చెప్పేదానికి ఇది విరుద్ధమే. కానీ బియ్యం, గోధుమ మానినవాళ్లు తడబడేది సొంత వంటింట్లో కాదు, పంక్తిలో. "ఒక్క ముద్ద పప్పన్నం కలుపుకోరా" అని పెద్దమ్మ నిలబడ్డప్పుడు "కూర ఇంకాస్త వెయ్యి పెద్దమ్మా" అనడం మొదట్లోనే నోటికి వస్తే, మిగతా రోజులు తేలిక. విస్తరి ఖాళీగా కనిపిస్తే అందరూ బతిమాలతారు. రెండోసారి కూర వేయించుకునేవాళ్లను ఎవరూ పట్టించుకోరు.

రెండో మాట, నా దృష్టిలో అసలైన మాట: అన్నం మానకముందే కూర మార్చండి. మన గుత్తివంకాయ, గోంగూర, పులుసు అన్నీ అన్నంలో కలుపుకోవడానికి వండుకునేవి. వాటిలో ఉప్పు, కారం, పులుపు పడేది అన్నం లెక్క చూసుకునే. అన్నం తీసేసి అదే కూర గిన్నెడు తింటే మొదటి రోజు నోరు, మూడో రోజు కడుపు మండుతాయి. "నాకు అన్నం లేకపోతే పడదు" అని అక్కడితో ఆపేస్తారు. పడనిది ఆ కారం. కాబట్టి ఉప్పు, కారం, చింతపండు సగానికి తగ్గించి, కూర మూడింతలు చేయండి. ఇంటిల్లిపాదికీ తెచ్చే అరకిలో బీరకాయ ఇక మీ ఒక్కరికే. సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, తోటకూర కూడా అంతే. పక్కన రెండు గుడ్లో, చేప ముక్కలో, పనీరో ఉండాలి. లేకపోతే సాయంత్రానికి చేయి జంతికల డబ్బా మీద పడుతుంది.

అన్నానికి బదులు ఏదీ వెతక్కండి. కొర్రలు, జొన్నలు మంచివే, పీచూ ఎక్కువే, కానీ అవీ ధాన్యాలే. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములైతే, వీటిలో 60 నుంచి 70. కందిపప్పు ధాన్యం కాకపోయినా అందులోనూ సగానికి పైగా పిండిపదార్థమే, గరిటెడుతో ఆపండి.

పూర్తిగా సున్నాకు దిగాలన్న పంతమూ వద్దు. లండన్‌లో అంత్యక్రియల వ్యాపారం చేసిన విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు తగ్గించి సన్నబడ్డాడు. 1863లో ఆ సంగతి చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఈ దారిలో నడిచినవాళ్లలో బాగా పేరుపడ్డ ఆ మనిషి కూడా కాల్చిన రొట్టె ముక్క ఒకటి ఉంచుకున్నాడు.

కూరలో తగ్గించిన ఉప్పును మజ్జిగలో వేసుకోండి. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా వదిలేస్తాయి. మొదటి వారం తలనొప్పి, నీరసం ఎక్కువగా అందుకే. పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకుని రోజుకు రెండు మూడు గ్లాసులు తాగండి. రక్తపోటు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ పని చేయకూడదు.

మొదటి వారం తూకం యంత్రం దాచేయండి. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది కరగగానే నీరూ పోతుంది, కిలోలు దిగినట్టు కనిపిస్తుంది. ఆ అంకె చూసి సంబరపడ్డవాళ్లే మూడో వారంలో ముల్లు కదలకపోతే నీరుగారిపోతారు. టేపుతో నడుము కొలుచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నలుగురూ చెప్పేదే నేనూ చెబుతాను. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడుతుంటే, తిండి మారి మోతాదు మారకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు చక్కెర అంకె మరీ పెరగకుండానే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) రావచ్చు. అది ప్రాణాంతకం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికే పోవద్దు. మిగతావాళ్లు మందుల చీటీ పట్టుకుని ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కూరగాయల సంచి ఆ తర్వాతే.