సగటు మావయ్య

ఎవరికైనా జీతం పెరిగిందంటే మామూలు మనుషులు స్వీటు అడుగుతారు. మా మావయ్య ఇంటద్దె అడుగుతాడు. "పెరిగింది సరేరా, ఏ ఊళ్లో పెరిగింది? అక్కడ రెండు గదుల వాటా ఎంతకొస్తోంది? పాల ప్యాకెట్టు ఎంత? కందిపప్పు?" అంటూ కాలిక్యులేటర్ తీసి, మన ఇంక్రిమెంటుని వేరుశనక్కాయలా ఒలిచి, లోపల గింజ ఎంతుందో చూపించి మరీ వదులుతాడు. నా మొదటి ప్రమోషన్ లెక్క మైనస్‌లో తేలింది. ఆ కసి ఇంకా తీరలేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

ఆయన గణాంక శాఖలో చేరి, మండలాలు తిరిగి, జిల్లా ఆఫీసులో రిటైరయ్యాడు. ఏం మాట్లాడినా 'సగటున' అని మొదలుపెడతాడు కాబట్టి బంధువులందరికీ సగటు మావయ్య. ధరలు రాసుకునే ఉద్యోగానికి ఒక నియమం ఉంది: అదే వారం, అదే దుకాణం, అదే రకం, అదే తూకం. ఉద్యోగం పోయినా నియమం ఒంట్లోంచి పోలేదు. రైతుబజారుకి వెళ్తే బెండకాయ నుంచి చింతపండు దాకా అన్నిటి ధరా అడుగుతాడు, ఏదీ కొనడు. ఆయన సంచి మడత విప్పడని తెలిసిన కూరగాయలమ్మలు దూరం నుంచే వేళ్లతో ధర చూపించేస్తారు. ఆయన ఏళ్ల తరబడి ధరలు రాసుకున్న కిరాణా కొట్టు మూసేసి సెల్‌ఫోన్ల షాపు పెడితే, ఇంట్లో మనిషి పోయినట్టు రెండ్రోజులు దిగులుగా ఉన్నాడు. ఆ తర్వాత అదే వీధిలో, అదే స్థాయి కొట్టు ఇంకొకటి వెతికి పట్టుకున్నాడు. దానికీ నియమముందిట.

జూన్ 29 గణాంకవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. 2007 నుంచి దేశమంతా గణాంక దినంగా జరుపుతున్న ఆ రోజున మావయ్య తలంటు పోసుకుంటాడు. గోడ మీద మహలనోబిస్ పక్కనే సి.ఆర్. రావు గారి ఫొటో. వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన మన తెలుగాయన. తల్లిదండ్రులకి ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరొచ్చేలా రాధాకృష్ణ అని పెట్టారు. "చూశావా, గణాంకవేత్తకి పేరులోనే వరుస సంఖ్య!" అని మావయ్య మురిసిపోతాడు. మేం ఇది ఎన్నిసార్లు విన్నామో ఆయన్నే అడగండి, సగటు చెబుతాడు.

ఆయనకి ఎదురు నిలిచింది అత్తయ్య ఒక్కతే. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి చాలాకాలం 2001 ఆధార సంవత్సరం. 2020లో దాన్ని 2016కి మార్చారు. పాత సూచీని కొత్తదానితో కలపడానికి 2.88 అనే అంకె ఇచ్చారు. డీఏ లెక్కకి ప్రాణం లాంటిదని ఆ అంకెను మావయ్య క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసిపెట్టాడు. రాయకుండా ఉండాల్సింది. "ఏమండీ, మీరు నా చేతికిచ్చే ఇంటి ఖర్చు ఇంకా 2001 దగ్గరే ఉంది. దాన్నీ 2.88తో హెచ్చించి ఇవ్వండి" అంది అత్తయ్య. మావయ్య అది అలా వాడే అంకె కాదని అరగంట వివరించాడు. ఆ పూట పొయ్యి వెలగలేదు. మర్నాటికి హెచ్చవేత పూర్తయింది.

అసలు వైభవం చూడాలంటే పెళ్లిచూపుల్లో చూడాలి. మా పెదనాన్న మనవరాలిని చూడటానికి బెంగళూరు కుర్రాడు తెనాలి వచ్చాడు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ, డేటా సైంటిస్టు. "ఇరవై నాలుగు లక్షలండీ" అంది వాళ్లమ్మ, జంతిక విరుస్తూ. "సీటీసీయా, చేతికొచ్చేదా?" అన్నాడు మావయ్య. జంతిక సగంలో ఆగింది. పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, పన్ను, అన్నీ తీసేశాడు. "బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు గుంజుతారు కదా బాబూ, దానిమీద పోయే వడ్డీ కట్టుకున్నావా?" అన్నాడు. మిగిలినదాన్ని తెనాలి ధరల్లోకి దించేసరికి పెళ్లికొడుకు తండ్రి చెప్పుల కోసం చూస్తున్నాడు.

అప్పుడు కుర్రాడు నోరు విప్పాడు. "అంకుల్, మీరు తెనాలి బుట్ట పట్టుకెళ్లి బెంగళూరులో కొంటున్నారు. అది లాస్పైర్స్ పద్ధతి. తేడా ఎక్కువ చూపిస్తుంది. మేం అక్కడ కొనే బుట్టతో పాషే పద్ధతి కట్టండి, తగ్గుతుంది." మావయ్య కళ్లు చెమర్చాయి. 1871 నాటి లాస్పైర్స్‌నీ, 1874 నాటి పాషేనీ ఈ ఇంట్లో ఇంకొకరి నోట వింటాననుకోలేదాయన. ఇద్దరూ పంచాంగం వెనక అట్ట మీదకి ఒంగిపోయారు. ఆ రెండు లెక్కలూ గుణించి వర్గమూలం తీస్తే ఫిషర్ సూచీ వస్తుంది, అది ఇద్దరికీ న్యాయం అని రాజీకొచ్చారు. అమ్మాయి కాఫీ ట్రేతో నిలబడే ఉంది. కాసేపు చూసి, "నాకూ ఉద్యోగముంది. నా జీతం కూడా కలిపి భాగించండి" అంది. ఆ మాట ఎవరికీ తట్టనే లేదు. సంబంధం ఖాయమైంది కాబట్టి సరిపోయింది.

అమెరికా జీతం అంత తేలిగ్గా తేలలేదు. మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో శాస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, న్యూజెర్సీలో మందుల ప్రయోగాల లెక్కలు కడతాడు. ఏడాదికి లక్ష డాలర్లు. పిన్ని బ్యాంకు రేటుతో గుణించి ఎనభై లక్షల పైమాటే అంటుంది. మావయ్య కొనుగోలు శక్తి లెక్క తీశాడు: అక్కడ డాలరుకొచ్చే సరుకు ఇక్కడ సుమారు ఇరవై రూపాయలకొస్తుంది, కాబట్టి వాడిది మన ఇరవై లక్షల బతుకు అన్నాడు. కిందటి సంక్రాంతికి పిన్ని ఆయనకి అరిసెలు పంపలేదు.

ఇంత చేసినా ఆయన మీద నాకు కోపం నిలవదు. ధరలు రాసే మనిషి జీతం ఎప్పుడూ ధరల వెనకే పరుగెత్తింది. ఏడో వేతన సంఘం లెక్కన ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసులో చేరే కుర్రాడి బేసిక్ 56,100. ఐఏఎస్‌కీ మొదట అంతే. అద్దె భత్యం మాత్రం హైదరాబాద్‌లో 30 శాతం, విజయవాడలో 20, చిన్న ఊళ్లో 10. "చిన్న ఊళ్లో ఇల్లు చవకే, ఒప్పుకుంటా. గ్యాస్ బండ చవకా? పిల్లాడి కాలేజీ ఫీజు చవకా?" అని మావయ్య అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు. ఈయనేమో మండలాల్లో, రాండమ్ నెంబర్ల పట్టికలో వచ్చిన మడి వెతుక్కుంటూ గట్ల మీద నడిచి, మేకులు పాతి తాడు కట్టి, అయిదు మీటర్లకి అయిదు మీటర్లు చేను కోయించి, నూర్పించి, తూకం వేయించినవాడు. ఆ డేటా సైంటిస్టుతో ఒకసారి అన్నాడు: "మీరు డేటా అంటే మౌస్ పడతారు నాయనా. మేం కొడవలి పట్టాం."

2023 జులైలో టమాటా కిలో వంద దాటి పరుగెడుతుంటే, రైతుబజారులో జనం గగ్గోలు పెడుతున్నారు. "మీరు కంగారు పడకండి, దేశం మొత్తం ధరల బుట్టలో టమాటా వాటా 0.57 శాతమే" అని మావయ్య అందరికీ ధైర్యం చెప్పాడు. ఒకావిడ, "మా బుట్టలో టమాటాయే లేదు బాబూ" అంది. ఆయన దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

మావయ్య ఎప్పుడైనా మీ ఊరొస్తే మీ ఇంటికీ రావచ్చు. కాఫీ ఇవ్వండి, జీతం చెప్పకండి. కందిపప్పు ధర మాత్రం ఏ కొట్టు, ఏ రకం, ఏ రోజు అన్నదానితో సహా చెప్పండి. 'సుమారుగా' అన్నారో, రాత్రి భోజనం కూడా మీ ఇంట్లోనే.