సారు ఎదుగుతున్నారు, పక్కకు జరగండి

కర్నూలులో, కడపలో ఈమధ్య ఒక కొత్త జబ్బు పట్టుకుంది. నలుగురి మీద పెత్తనం దొరికిన ప్రతి మనిషికీ సోకుతోంది. బ్యాంకు మేనేజరు, ఇన్సూరెన్సు డెవలప్‌మెంటు ఆఫీసరు, కార్పొరేటు కాలేజీ ఇన్‌ఛార్జి, మైక్రోఫైనాన్సు బ్రాంచి హెడ్డు, ఎవర్నీ వదలడం లేదు. లక్షణాలు తేలిగ్గానే తెలిసిపోతాయి. రోగి తెల్లవారుజామున ఐదుకు లేస్తాడు. లేచిన సంగతి ఐదూ మూడుకల్లా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడతాడు. పైన సూర్యుడి బొమ్మ, కింద ఇంగ్లీషులో ఒక సూక్తి, దాని కింద చేయెత్తి నిలబడ్డ ఒక మనిషి నీడ. గ్రూపులో ఉన్న సిబ్బంది అంతా ఐదున్నర లోపల రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపాలి. పంపనివాడి కోసం సాయంత్రం మీటింగులో ‘కమిట్‌మెంటు’ మీద ఇరవై నిమిషాల ఉపన్యాసం ఉంటుంది. రాత్రి తొమ్మిదింటి దాకా కలెక్షను తిరిగి, చెప్పులు కూడా విప్పకుండా పడుకున్న కుర్రాడు ఐదుకు ఎందుకు లేవలేదో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే అది నెగెటివ్ ఆలోచన అవుతుంది.

ఈ జబ్బుకు మందులన్నీ పుస్తకాల షాపులోనే దొరుకుతాయి, జబ్బు కూడా అక్కడే అంటుకుంటుంది. స్టీఫెన్ కవీ ఏడు అలవాట్లు 1989 నాటివి. రాబిన్ శర్మ ఐదు గంటల క్లబ్బూ, జేమ్స్ క్లియర్ అణువంత అలవాట్లూ 2018లో వచ్చాయి. మన యండమూరి విజయానికి ఐదు మెట్లు ఎప్పుడో కట్టిపెట్టాడు. ఈ పుస్తకాల మీద నాకు పగేమీ లేదు. ఆళ్ళగడ్డలో బస్సెక్కి తెరిస్తే కడప దాకా పొద్దుపోతుంది. నా పేచీ వాటిని ఇక్కడికొచ్చి మనకు అప్పజెప్పే కోచ్‌లతో. చెవి పక్కన మైకు తగిలించుకుని, హోటలు ఏసీ హాల్లో ‘మీలో సింహం నిద్రపోతోంది’ అని అరుస్తారే, వాళ్ళతో. నిద్రపోతే పోనీయవయ్యా. అది లేస్తే ముందు మీద పడేది మా క్లర్కు మీదే.

ఐదింటికి లేవడమే నాయకత్వ లక్షణమైతే, ఆదోని, కోసిగి పక్క ఎండాకాలంలో నాలుగుకే కొళాయి దగ్గర బిందెలు వరస పెట్టే ఆడవాళ్ళు ఈ దేశాన్ని ఏలుతూ ఉండాలి. కర్నూలు పాత బస్టాండు దగ్గర ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, బజ్జీకి పిండి కలిపే మనిషి ఏదో కంపెనీకి ఛైర్మనై ఉండాలి. వీళ్ళెవరికీ ఐదింటికి లేవడం సాధన అని తెలియదు. చెబితే నవ్వుతారు. చన్నీళ్ళ స్నానం ఇంకో సూత్రం. మంచు ముక్కలు వేసుకున్న నీళ్ళలో మూడు నిమిషాలు కూర్చుంటే సంకల్పబలం పెరుగుతుందట. ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చే వీధిలో నీళ్ళలో కూర్చోవడం సంగతి అటుంచండి, ముందు ఆ నీళ్ళు చూపించండి.

కృతజ్ఞతల డైరీ కూడా ఉంది. రోజూ రాత్రి మూడు విషయాలకు థ్యాంక్స్ రాసుకోవాలి. సార్లు నిజంగానే రాస్తారు. సూర్యోదయానికి కృతజ్ఞతలు, విశ్వానికి కృతజ్ఞతలు, ఫిల్టర్ కాఫీకి కృతజ్ఞతలు. ఆదివారం పూట పెళ్ళి వదులుకుని వచ్చి మార్చి నెల లెక్కలు తేల్చిన అమ్మాయి పేరు ఆ డైరీలో ఎక్కదు. విశ్వం ఇంక్రిమెంటు అడగదు గదా, దానికి కృతజ్ఞత చెప్పుకోవడం చవక.

గమ్యాన్ని కళ్ళముందు పెట్టుకోవాలనే విద్యలో మాత్రం కడప జిల్లాకు ఏ కోచూ నేర్పక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి జమ్మలమడుగు చుట్టుపక్కల 2007లో శంకుస్థాపన జరిగింది. 2018లో మళ్ళీ జరిగింది. 2019లో జరిగింది. 2023లో ఇంకోసారి జరిగింది. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు శిలాఫలకాలు. గమ్యం కళ్ళముందు పెట్టుకోవడమంటే ఇంతకన్నా ఏం పెడతారు? ఇల్లు కట్టుకునేవాడికి ఆ ఫ్యాక్టరీ కమ్మీ మాత్రం ఇప్పటికీ అందలేదు.

ఇంతకీ ఈ అలవాట్లన్నింటిలో ఒక చమత్కారం ఉంది, గమనించారా? ధ్యానం, డైరీ, చన్నీళ్ళు, తెల్లవారుజాము నడక, నెలకో పుస్తకం. వీటిలో ఒక్కదాన్ని కూడా కిందివాడు తనిఖీ చేయలేడు. సారు ఎంతసేపు కళ్ళు మూసుకున్నారో, మూసుకుని ఏం చూశారో ఎవరు చెప్పాలి? నలుగురిని నడిపేవాడికి అప్పజెప్పిన అలవాట్లన్నీ, ఆ నలుగురూ ఎప్పటికీ లెక్క అడగలేనివే. అందుకే ఇవంటే సార్లకు అంత ముద్దు. ఆఫీసులో అందరికీ టార్గెట్లుంటాయి, సారు ఎదుగుదలకు మాత్రం సారే పరీక్షకుడు, సారే సర్టిఫికెట్టు.

లెక్క అడిగే చోటు చూడాలంటే కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుని ఓర్వకల్లు వైపు పోవాలి. రాతివనం దగ్గర సెల్ఫీలు దిగడానికి కాదు, ఇంకాస్త లోపలికి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలకు అప్పుడే పేరొచ్చింది. రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయలు. వినడానికి ఎంత నవ్వులాటగా ఉందో! ఆ ముప్పై రూపాయల మీద నిలబడి ఆడవాళ్ళు బ్యాంకు మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూర్చోవడం నేర్చుకున్నారు.

సంఘం మీటింగు ఎట్లుంటుందో కాస్త దగ్గరగా చూడండి. గుడి అరుగు మీద పట్ట పరుస్తారు. పది, పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు. లీడరుకు వేరే కుర్చీ లేదు, ఆమెదీ అదే పట్ట. ఆలస్యంగా వస్తే జరిమానా, లీడరైనా సరే. లెక్కలు రాసే యానిమేటరమ్మ పుస్తకం తీసి గట్టిగా చదువుతుంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు కట్టలేదు, చేతిలో నగదు ఎంత, బ్యాంకులో ఎంత, అప్పు ఎంత మిగిలింది. అక్షరం రాని ముసలమ్మకూ చెవిన పడేటట్టు చదవాలి. ఆ ముసలమ్మే మధ్యలో ఆపుతుంది: “పోయిన నెల నగదు మూడొందలు మిగిలిందంటిరి గదా, ఈ నెల లెక్క రెండొందలతో మొదలైందే? నూరు యాడబోయ?” లీడరు ఆటో చార్జీల చిట్టీ వెతుకుతుంది. చిట్టీ దొరికితే సరే. లేకపోతే కొంగు ముడి విప్పుతుంది. ఆ రెండు నిమిషాలూ లీడరు వ్యక్తిత్వం ఎంత వికసిస్తుందో, ఏ రిసార్టులో మూడు రోజులు పడుకున్నా అంత వికసించదు.

సంఘాలన్నీ పతివ్రతలని నేననడం లేదు. లీడర్లు డబ్బు మింగిన సంఘాలున్నాయి, బంధువులకే అప్పులిచ్చుకున్న సంఘాలున్నాయి, రాజకీయ సభలకు జనాన్ని తోలే పనికి దిగజారినవీ ఉన్నాయి. అయితే మింగింది బయటపడేది కూడా ఆ పుస్తకం చదివినప్పుడే. క్రమంగా మీటింగు, క్రమంగా పొదుపు, లోపల అప్పు, వాయిదాకు వసూలు, పుస్తకం రాయడం. పంచసూత్రాలని వాటికి పేరు పెట్టారు. ఐదింటిలో ఒక్కటి కూడా ఇంట్లో తలుపేసుకుని చేసేది కాదు. ఆ పంచసూత్రాల పక్కన మన సారు ఐదు గంటల క్లబ్బును పెట్టి చూడండి.

నాయకుడికి పాతకాలం ఉదాహరణ కావాలంటే కోచ్‌లు అబ్రహాం లింకన్ దాకా పోతారు. పత్తికొండ దాకా వస్తే చాలు. థామస్ మన్రో 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి ఏడేళ్ళున్నాడు. దొర, పన్ను వసూలుకే వచ్చాడు, పాలెగాళ్ళను అణచడానికే వచ్చాడు, అందులో దాపరికం లేదు. ఊరూరా గుడారాలేసుకుని తిరిగి, ముప్పై మూడడుగుల గొలుసుతో పొలాలు కొలిపించి, మధ్య దళారి లేకుండా రైతుతోనే లెక్క తేల్చుకునే పద్ధతి పెట్టాడు. అసలు సంగతి ఆయన పోయేటప్పుడు జరిగింది. 1807లో దిగిపోతూ, తాను వేసిన పన్ను రైతు మోయలేడు, మెట్టకూ మాగాణికీ నాలుగో వంతు తగ్గించాలి అని పైవాళ్ళకు రాశాడు. తన ఏడేళ్ళ చాకిరీ మీద తానే ఎర్రసిరా గీత గీసుకున్నాడు. పైవాళ్ళు వింటేనా? వినలేదు సరికదా, ఊళ్ళను గుత్తకిచ్చి రైతును ఇంకా ముంచారు. ఆయనే 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. 1827లో ఇంగ్లండు పోయే ముందు ఈ పక్క చివరిసారి చూసిపోదామని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన ఆఫీసులకు రండి. బదిలీ మీద పోయే సారు వీడ్కోలు సభలో ఏం చెబుతారు? ‘నేను పెట్టిన టార్గెట్లు ఎక్కువ, నా తర్వాత వచ్చేవాళ్ళు నాలుగో వంతు తగ్గించండి’ అని కాగితం మీద రాసిచ్చినవాడిని ఒక్కణ్ణి చూపించండి, మా వీధిలో ఆయన పేరు పెట్టుకోవడానికి ఒక మనవణ్ణి నేను సిద్ధం చేస్తాను. శాలువా, బొకే, ‘మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను, కానీ అది మీ గ్రోత్ కోసమే’ అనే మాట, పైగా కేకు. ఆ కేకుకు చందా మళ్ళీ సిబ్బందిదే. ఇదే కడపలో ఒకప్పుడు సి.పి. బ్రౌను దొర సొంత బంగళాలో పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు వెతికించి, తన జీతంలోంచి వాళ్ళకు జీతాలిచ్చి అప్పులపాలయ్యాడు. కేకుకు చందా ఎత్తలేదు.

బనగానపల్లె కథ కూడా కోచ్‌ల దాకా పోయినట్టు లేదు. అచ్చమ్మగారి ఆవులు కాసే కుర్రాడు కొండ మీద గీత గీసి, ఆవుల్ని ఆ గీత లోపల మేపుతూ, గుహలో కూర్చుని ఏదో రాసుకుంటున్నాడట. యజమానురాలు వెనకాలే పోయి కళ్ళారా చూసింది. ఇవాళ్టి మేనేజరైతే పనివేళల్లో సొంత రాతలని మెమో ఇచ్చి, గీత కొలతలు ఎక్సెల్‌లో అడిగేవాడు. అచ్చమ్మ ఆయన కాళ్ళకు మొక్కి ఉపదేశం అడిగింది. పనివాడు తనకన్నా పెద్దవాడని ఒప్పుకోవడం ఏ అలవాట్ల పుస్తకంలో ఎన్నో అధ్యాయమో నాకు కనబడలేదు. ఆ కుర్రాడే పోతులూరి వీరబ్రహ్మం.

ఇక గంటల పిచ్చి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మను దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని పెళ్ళాం మొహం ఎంతసేపు చూస్తారన్నారు. మా సార్లకు ఈ మాటలు ప్రసాదమయ్యాయి. వెంటనే గ్రూపులో వీడియో పెట్టారు, కింద చప్పట్లు. మాకు 90 గంటలు కొత్తా? పత్తికొండ, ఆలూరు, మంత్రాలయం ఊళ్ళనుంచి సుగ్గికి పోయేవాళ్ళను అడగండి. ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటేసుకుని, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోతారు. చేనుగట్టున పట్టాల కిందే కాపురం. అక్కడ గంటలు లెక్కపెట్టరు, కోసిన కాయే లెక్క.

ఆ గుంపులను తీసుకుపోయేది మేస్త్రి. అతనూ టీం లీడరే. అతను దేవుడేమీ కాదు. తలకింతని కమీషను తీసుకుంటాడు, ఇచ్చిన అడ్వాన్సు ముక్కు పిండి రాబట్టుకుంటాడు. అయినా మా సారుకన్నా అతనికి ఒక భయం ఎక్కువ. అక్కడ కూలి తక్కువ పడితే, ఎవరికన్నా పాము కరిచినప్పుడు ఆసుపత్రికి తీసుకుపోకపోతే, ఉగాదికి తిరిగొచ్చాక అదే వీధిలో అదే ఇంటి ముందు నిలబడి అడిగేవాళ్ళుంటారు. “ఏమప్పా, మా పిల్లోని కూలి యాడపెట్టినావు?” అంటే బదిలీ ఆర్డరు చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. మా సారు రెండేళ్ళకు ఇంకో బ్రాంచికి పోతారు, అక్కడ కొత్త సూర్యోదయం బొమ్మ పెడతారు.

అందుకని కోచ్ సార్లకు ఒక మనవి. వచ్చే నెల లీడర్‌షిప్ క్యాంపు హోటల్లో వద్దు. ఓర్వకల్లు పక్క ఏదో ఒక సంఘం మీటింగు రోజు చూసుకుని రండి. పట్ట మీద చోటిస్తారు. మీ ఏడు అలవాట్లూ నింపాదిగా చెప్పుకోండి, వాళ్ళు వింటారు, మర్యాదకు తక్కువుండదు. అయిపోయాక ఒకరు అడుగుతారు: “బాగుండాది సారూ. పోయిన బ్యాచీలో ఎంతమంది చేరిరి, ఎంత వసూలైంది, వాళ్ళ కింద పనిచేసేటోళ్ళకు ఏం ఒరిగింది? పుస్తకం తెచ్చినావా, సదువు.” పుస్తకం లేకపోతే కోప్పడరు. ధ్యానంలో కూర్చుని అరగంట లేటుగా వచ్చారు కాబట్టి జరిమానా పది రూపాయలు మాత్రం కట్టించుకుంటారు, రసీదు ఇస్తారు.