సున్నా వారిది, పొగ మాది

హైదరాబాదు చెంత కట్టబోవు ఫ్యూచర్ సిటీ నెట్ జీరో, అనగా కర్బనపు లెక్క సున్నా అయిన, నగరమగునని ప్రకటన వెలువడినదాదిగా ఆనందింపవలసినవారు ఎవరైన ఉన్నచో అది మేమే, నల్లగొండ జిల్లా వేములపల్లి, మిర్యాలగూడ ప్రాంతముల వారమే. ఏలయన, ఏడు మండలములలోని 56 గ్రామములను చేర్చి, 765 చదరపు కిలోమీటర్ల మేర కర్బనపు మసి సోకని పట్టణమును కట్టబూనిన మన ఏలికలు, ఆ మసి ఎచ్చట కాపురముండవలెనో ముందుగానే ఆలోచించి, మా జిల్లాలో దానికి తగిన వసతి ఏర్పాటు చేసియున్నారు.

ఆ నగరమున దీపములు వెలుగవలెను గదా! మేడలకు లిఫ్టులు, డేటా సెంటర్లకు రేయింబవళ్లు చలువ, ఇవన్నియు ఇంటికప్పుల మీది సోలారు పలకలతోనే సాగునని నమ్మువారికి, రాత్రి యనునది ఒకటి కలదని గుర్తుచేయుట మర్యాద కాదు. ఆ రాత్రి సంగతి చూచుకొనుటకు దామరచర్ల మండలము వీర్లపాలెమున, ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, వెరసి 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రమును కట్టినారు. దాని పేరు యాదాద్రి. గుట్ట మీది స్వామి పేరు దానికి, దాని పొగ మా ఊపిరికి.

ఇందలి చమత్కారము చూడుడు. బొగ్గు రైలెక్కి మా వైపునకు వచ్చును; కృష్ణ నీరు త్రాగును; మండి, బూడిదను మాకు విడిచి, తాను కరెంటై తీగ పట్టుకొని పట్నము దారి పట్టును. గ్రిడ్డులో పడిన కరెంటుకు ఊరును పేరును ఉండవు గనుక, కొత్త నగరములోని మీర్‌ఖాన్‌పేట మేడలో స్విచ్చి నొక్కినవానికి అది మచ్చలేని వెలుగు, వీర్లపాలెపు వానికి మాత్రము బూడిద. 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ కేంద్రపు పర్యావరణ అనుమతిని నిలిపి, మరల అధ్యయనము చేయుడన్నది. అధ్యయనమును అయినది, అనుమతియు వచ్చినది, పొగయు వచ్చినది.

కావున నాదొక విన్నపము. ఆ పొగగొట్టములలో ఒక్కదానిని, పెద్దది అక్కరలేదు, ముచ్చటకు చిన్నదానినే, కొత్త నగరపు నడిబొడ్డున ప్రతిష్ఠింపుడు. పిమ్మట సున్నా ఎట్లు వచ్చునో అందరమును కూర్చుండి లెక్కింతము. అబుదాబి వారు 2006లో మస్దర్ అను కర్బనరహిత నగరమును మొదలిడి, పదేండ్లలో ముగింతుమని చెప్పి, గడువును 2030 దాక జరుపుకొనిరి. డబ్బునకు కొదువలేనివారి గతియే అది. మనవారు మాత్రము పునాదిరాయితోనే సున్నాను సాధించిరి.

నీటి మాట ఒక్కటి. నాగార్జునసాగర్ నుండి మూడు దశలలో 16.5 టీఎంసీల నీరు హైదరాబాదు త్రాగునీటికే కేటాయింపబడినది. 2023–24లో ఆ సాగర్ ఎడమ కాలువ కింద యాసంగికి నీరు రాక మా మళ్లు బీళ్లయినవి. ఇక కొత్త నగరమునకై రావిర్యాల నుండి ఆమనగల్లు దాక 330 అడుగుల వెడల్పున రోడ్డు వేయు పర్యావరణప్రేమను గూర్చి నేనేమియు అనను.

కాని ఆ నగరమున ఇల్లెవడు కొనగలడని తలచినప్పుడు మాత్రము నాకు నవ్వు రాదు. ఆ నేల ఎక్కడిది? ముచ్చర్ల చుట్టుపట్ల మునుపు ఫార్మా సిటీ పేరిట తీసుకొన్న వేల ఎకరములు అందులోనివే. ఎకరము పోయిన రైతుకు పరిహారపు సొమ్ముతోపాటు 121 గజముల ప్లాటు. 4,840 గజములకు 121 గజములు, అనగా ఎకరానికి గుంట! కౌలుకు చేసినవానికి, కలుపు తీసినదానికి ఆ గుంటయు లేదు. రేపు ఆ మేడలలో అంట్లు తోముటకు, ఆ రోడ్లు ఊడ్చుటకు కావలసినది వారే. రాత్రి వారెక్కడ పడుకొందురో ఆ నగరపు ఏ బొమ్మలోనైన చూపించుడు! గాజుమేడలు కనబడుచున్నవి, గుండ్రముగా కత్తిరించిన చెట్లు కనబడుచున్నవి, సైకిలు తొక్కు దొరబాబులు కనబడుచున్నారు. కూలివాని గది ఒక్కటియు లేదు. ఇది సిగ్గుమాలిన పని. ఊడ్చువానికి చోటులేని ఊరి గాలి శుద్ధమైన నేమి, కాకున్న నేమి?

ఈ జబ్బు అంటువ్యాధి గూడను. మా అద్దంకి రోడ్డు పక్క, నిరుడు నాట్లు వేసిన మడిలో మొరము పోసి, హద్దురాళ్లకు సున్నము కొట్టి, గేటుకు పచ్చరంగు వేసి, ‘ఎకో’ అని పేరు పెట్టినారు. ఫ్యూచర్ సిటీ వచ్చుచున్నది గనుక ఇక్కడగూడ ధరలు లేచునని ఏజెంటు నాకు నచ్చజెప్పుచుండెను. నడుమ నూరు కిలోమీటర్లు ఉన్నమాట అతనికి అడ్డు రాలేదు. ఇన్ని ఇండ్లు లేచినచో మురుగునీరు ఎటు పోవునని అడిగితిని.

“కాల్వ ఉంది గద సారూ, అండ్లకే పోతది” అన్నాడు.

ఆ సాగర్ ఎడమ కాలువయే పాలేరు జలాశయమును నింపునది.