నాస్తికుడి గురుబలం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు నడుపుకుంటూ, రాత్రయ్యేసరికి డాబా మీద టెలిస్కోపు బిగించి గురుగ్రహం మేఘాలను ఫోటోలు తీసే మనిషి మీకు తెలిసే ఉంటాడు. వరసకు బావో బాబాయో అవుతాడు. పంచాంగం పేరెత్తితే చాలు, గోరాగారి నాస్తిక కేంద్రం 1947 నుంచీ పక్కనే పటమటలో ఉందని గుర్తుచేస్తాడు (తను ఆ గేటు దాటిన దాఖలా మాత్రం ఉండదు). తెల్లవారుజాము మూడింటి ముహూర్తంతో శుభలేఖ వస్తే పురోహితుణ్ణి దులిపేస్తాడు. అయినా నేను చెప్పేదొకటే: కృష్ణ ఒడ్డున గురుడి రాకపోకలను ఇతనంత నిష్ఠగా పాటించేవాడు ఇంకొకడు లేడు.

అతని ముహూర్తాలే చూడండి. గురుడు 9 గంటల 55 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. పెద్ద ఎర్రమచ్చ బింబం నడిమికి వచ్చిన వేళకు అటొక గంటా ఇటొక గంటా దాటితే అంచుకు ఒరిగిపోతుంది. ఇవాళ రాత్రి తొమ్మిదికి నడిమికొచ్చిన మచ్చ మళ్లీ ఇంచుమించు అదే వేళకు దొరికేది రేపు కాదు, ఎల్లుండి. అదీ గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా. విన్‌జూపోస్ అనే ఉచిత ప్రోగ్రాములో ఈ లెక్క చూసుకుని, "రిసెప్షన్‌కి పన్నెండు దాటాక వస్తానండీ, ఈలోగా కుదరదు" అంటాడు. వర్జ్యం చూసి గడప దాటేవాళ్లను వెక్కిరించేది ఇతనే. గురు మౌఢ్యమి సంగతి సరేసరి. గురుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి పెళ్లిళ్లు ఆగిపోయే ఆ రోజుల్లో పురోహితుడికీ షామియానా వాడికీ ఇతనికీ ఒకేసారి పని ఉండదు. ముగ్గురిలో ఎక్కువ దిగులు ఇతనిదే. ఇక గురుడు వక్రించాడని జాతకాల వాళ్లు బెంగపడే నెలలే ఇతనికి పండగ. వక్రం నడిమధ్యనే గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురై, భూమికి దగ్గరై, పెద్దగా కనిపిస్తుంది. 2026లో అది జనవరి 10న పడింది. ఆ అర్ధరాత్రి విజయవాడ మీద గురుడు దాదాపు నడినెత్తిన నిలిచాడు. సంక్రాంతికి చుట్టాలంతా దిగే వారం అది. ఇలాంటి మనిషి ఇంట్లో పిల్లలు డాబా మీద నడిచినా తప్పే, అడుగుల అదురుకు గొట్టం ఊగుతుంది. వంద అడుగుల రోడ్డు మీద పోయే పది చక్రాల లారీని మాత్రం ఏమీ అనలేడు, అందులో పడ్డ స్ప్రింగు కట్ట తను అమ్మిందే కావచ్చు.

ఆకాశం చూడటానికి ఆటోనగరే దొరికిందా అని అడగొచ్చు. దీపాల వెలుగు గురుడికి పెద్ద అడ్డు కాదు, గ్రహం కాంతి అలాంటిది. అడ్డల్లా గాలి. పగలంతా కాలిన రేకుల షెడ్లు రాత్రి ఆ వేడిని వదులుతుంటే బింబం కుతకుతలాడుతుంది. అందుకే ఫోటో అని ఇతను చూపించేది ఒక్క ఫోటో కాదు. రెండు నిమిషాల వీడియోలో వేల చిత్రాలు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడ్డ కొన్ని వందలను ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చినది. అంతకన్నా ఎక్కువసేపు తీస్తే గ్రహమే తిరిగిపోయి మేఘాలు అలుక్కుపోతాయి. ఈ రెండు నిమిషాలకు ముందు అద్దాన్ని మూడు మరలతో సరిచేసే తతంగం ఉంటుంది. కింద షాపులో లారీకి వీల్ అలైన్‌మెంట్ ఈలోపు రెండుసార్లు అయిపోతుంది. కెమెరాకు రింగు కావలిస్తే మాత్రం పక్క లేత్ మిషన్ మీద గంటలో తయారు. ఆ సుఖం జూబ్లీహిల్స్‌లో ఉండదు.

పంచాంగంతో పోలిక అతను ఒప్పుకోడు. గురుడు మనల్ని ఏం చేస్తాడో వాళ్లు చెబుతారు, గురుడి మీద ఏం జరుగుతోందో నేను చూస్తాను అంటాడు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పైగా అతని పంచాంగాన్ని గురుడే దిద్దుతుంటాడు. ఎర్రమచ్చ ఒకచోట ఉండదు, జరుగుతుంది. ఫోటోలతో సరిచూడకపోతే ఆ పట్టికలు పాతబడతాయి. 1979లో వాయేజర్ చూసినప్పుడు సుమారు 23 వేల కిలోమీటర్ల వెడల్పున్న ఆ మచ్చ 2014లో హబుల్ కొలతకు పదహారున్నర వేలకు దిగింది. 2010లో మధ్యరేఖకు దక్షిణాన ఉండే ముదురు పట్టీ మొత్తంగా పాలిపోయింది. 2006లో ఒక తెల్లటి సుడి ఎర్రబడటం పట్టుకున్నది ఫిలిప్పీన్స్‌లో క్రిస్టఫర్ గో, 2009 జులైలో గురుణ్ణి ఏదో ఢీకొన్నప్పుడు పడ్డ నల్లమచ్చను చూసింది ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ. ఇద్దరూ ఔత్సాహికులే. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా, గురుడు కన్యారాశిలో చేరాడని, ఊరంతా కృష్ణలో పుష్కర స్నానాలు చేసింది. ముగిసిన నాలుగో రోజున, 27న, జూనో నౌక గురుడి మేఘాలకు అతి దగ్గరగా దూసుకుపోయింది. దాని కెమెరా ఎక్కడ చూడాలో ముందే అనుకోవడానికి ఇలాంటి డాబాల మీది ఫోటోలు అక్కరకొచ్చాయి. మనీలాలో గురుడు అస్తమించి, లండన్‌లో ఇంకా చీకటి పడని గంటల్లో మచ్చ ఇటు తిరిగితే చూడాల్సింది మన రేఖాంశం వాళ్లే.

ఇంత ఒప్పుకున్నా అతనితో కాపురం తేలికని అనను. ఫోటో ముఖం మీద పెట్టి "ఏం కనిపిస్తోంది?" అంటాడు. బాగుందంటే చాలదు. "ఆ తెల్లచుక్క నిన్న లేదు" అని మనం అనాలి. అది గురుడి మీది తుఫానో, షార్ప్‌నెస్ ఎక్కువై పుట్టిన బొబ్బో తేలడానికి అదే గంటలో ఇంకో ఊరివాడు తీసిన ఫోటో రావాలి. అది వచ్చేదాకా అన్నం దగ్గర మాట ఉండదు. ఇంతలో చుట్టాలెవరైనా "అమ్మాయికి గురుబలం ఎప్పుడొస్తుందోయ్?" అని అడిగితే తల తిప్పకుండానే, "నెలాగండి, ప్రస్తుతం దక్షిణ పట్టీలో అలజడిగా ఉంది" అంటాడు. అడిగినవాళ్లు బుద్ధిగా తలూపి సంబంధం వాయిదా వేసుకుంటారు.