పారీఖత్తుల షడ్డకులు

మా షడ్డకులు సర్వేశాఖలో ముప్పదియేండ్లకు మించి గొలుసు లాగించి, పొలముల నడుమ రాళ్ళు పాతించి, అన్నదమ్ముల తగవులలో ఉభయపక్షముల తిట్లను సమభావముతో స్వీకరించి, తుదకు శాలువా కప్పించుకొని యింటికి వచ్చినవారు. ఉద్యోగముతోపాటు భూమిని భాగించు చాపల్యము కూడ వదలిపోవునని మేమందరము తలచితిమి. వదలలేదు, అది పొలముల మీదనుండి లేచి, చుట్టముల కంప్యూటర్లలోని హార్డ్‌డిస్కుల మీద వాలినది. ముక్కలు చేయని డిస్కు కంటబడెనా, గట్టులేని బంజరును చూచినట్లు వారి చేతులు దురద పెట్టును. పెండ్లికి పోయినను, పురిటికి పోయినను, కుశలప్రశ్నలు ముగియకముందే "మీ కంప్యూటరులో ఎన్ని భాగాలు చేశారు?" అని యడుగుదురు. ఒక్కటే యన్నచో జాలిపడుదురు. నాలుగన్నచో "ఎవరు చేశారు?" అని, ఒక వైద్యుడు వేరొక వైద్యుని మందులచీటీని చూచునట్టి చూపు చూచెదరు.

ఇట్టి మహాశయుడు ప్రతి కుటుంబమునందును ఒక్కడుండును. కొన్ని యిండ్లలో మేనల్లుడై యుండును. అట్టివారు ధన్యులు, ఏలయన మేనల్లుని కసరవచ్చును. కొన్నిట బావమరిదియై యుండును, పరిహాసముతో త్రోసిపుచ్చవచ్చును. మా యింట మాత్రము విధి యాయనను నా భార్య యక్కగారి భర్తగా, అనగా నోరెత్తి ఎదురు చెప్పుటకు వీలులేని వరుసలో నియమించినది. ఆయన తెనాలిలో రైలెక్కినారని వదినగారు ఫోను చేయగానే మా యావిడ పెసలు నానబోయును. నేను కంప్యూటరు మీద దుప్పటి కప్పుదును. దుప్పటి వలన ప్రయోజనము ఎన్నడును కలుగలేదు.

వారి మొలత్రాట ఇనప్పెట్టె తాళపుచెవికి తోడుగా ఒక పెన్‌డ్రైవు వ్రేలాడుచుండును. లోపలి డిస్కుతో నిమిత్తము లేకయే ఏ కంప్యూటరునైనను లేపగల లైనక్సు దానియందున్నది. ఆ విద్య వారికి వృద్ధాప్యములో అబ్బినది కాదు. ఉద్యోగములో నుండగనే, ఒక ఆంగ్ల మాసపత్రికతో ఊరక వచ్చిన సీడీ వలన వారికి లైనక్సుతో పరిచయమైనది. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు 1991లో దానికి అంకురార్పణ చేయుచు, ఇది కేవలము సరదాకు చేయుచున్న పని యని లోకమునకు చెప్పుకొనెను. ఆ బాలుని సరదా ఇంతదూరము వచ్చి తెనాలిలో ఒక గృహస్థురాలి టెలివిజన్ సీరియళ్ళను, పండుగ పిండివంటలను, పగటినిద్రను హరింపగలదని ఆతడు ఎరుగడు పాపము.

అప్పటి లైనక్సును నిదురలేపునది లిలో అను చిన్న ప్రోగ్రాము. అది తన పేరులోని నాలుగు ఇంగ్లీషక్షరములను ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్కటిగా తెరపై వ్రాయుచు మేలుకొనును. ఏ యక్షరము కడ ఆగిపోయినదో చూచి రోగ మెక్కడ నున్నదో చెప్పవచ్చును. మా షడ్డకుల మొదటి కంప్యూటరు మొదటి ప్రయత్నముననే "ఎల్, ఐ" అని రెండక్షరములు వ్రాసి కొయ్యబారిపోయినది. అటుగా కాఫీ తెచ్చిన వదినగారు తెర చూచి, "ఎల్లైసీ వాళ్ళదాండీ?" అని యడిగిరట. ఆ ప్రశ్నకు వారు ఈనాటివరకును సమాధానము చెప్పలేదు గాని, రెండవ మెట్టు లోనికి వచ్చియు నడువలేకున్నదని గ్రహించి, తెల్లవారుజామున మూడవ, నాల్గవ అక్షరములను రప్పించినారు. ఆ తెల్లవారుజామే వారిని చెరచినది. పిదప ఉబుంటూవారు అడిగినవారికెల్ల తపాలాలో ఉచితముగా సీడీలు పంపు కాలము వచ్చెను. 2011లో ఆ దానధర్మము ఆగిపోవువరకు వీరు తెప్పించిన సీడీలలో కొన్ని నేటికిని తెనాలి దొడ్డిలో జామచెట్టుకు వ్రేలాడుచు చిలుకలను బెదరించుచున్నవి.

న్యాయము చెప్పవలెనన్న, డిస్కు విభజనమును ఆయన బోధించినట్లు మరియొకరు బోధింపలేరు. "మొదటి సెక్టరు 512 బైట్లు, తమ్ముడుగారూ. అందులో 446 బైట్లు నిద్ర లేపడానికి. 64 బైట్లు పారీఖత్తు. ఆఖరి రెండూ ముద్ర. ముద్ర లేకపోతే దస్తావేజు చెల్లదు" అని మొదలుపెట్టుదురు. ఆ పాతకాలపు పారీఖత్తులో నలుగురన్నదమ్ములకే వాటా. అయిదవవాడు పుట్టినచో ఒకని వాటాను ఉమ్మడిగా ప్రకటించి, దానిలోపల చిన్నవాటాలు చీల్చి, వానికి అయిదు మొదలుకొని నెంబర్లు వేయవలెను. భూమి 2 టెరాబైట్లకు మించినచో ఆ పత్రములోని గడులలో కొలత పట్టదు. క్రొత్తగా వచ్చిన జీపీటీ పత్రము మాత్రము సామాన్యముగా 128 వాటాల వరకు చోటిచ్చి, డిస్కు చివర తన నకలును కూడ దాచుకొనును. "రిజిస్ట్రారాఫీసులో నకలున్నట్టు" అని చెప్పునప్పుడు వారి కన్నులు చెమర్చును. మొదటి వాటా ఈ కాలమున 2048వ సెక్టరు కడ మొదలగును. దానికి ముందు విడిచిన జాగాను వారు పుంత యందురు. లిలో తరువాత వచ్చిన గ్రబ్బు పాతపద్ధతి డిస్కులలో ఆ పుంతలోనే గుడిసె వేసుకొని కాపురముండునని, పుంతను ఆక్రమించినవాడు గ్రబ్బు శాపమునకు గురియగునని వారి హెచ్చరిక. 66 అడుగుల గొలుసునకు 100 లింకులని కంఠస్థము చేసిన నోటికి ఈ లెక్కలు ఒక లెక్కా! పాత ఫీల్డు పుస్తకములలో మిగిలిన తెల్లకాగితముల మీద మా బంధువులందరి డిస్కులకును వారు పటములు గీచి యుంచినారు. ఎడమపుటలో ఎవరిదో మాగాణి. కుడిపుటలో మా మేనత్త కొడుకుగారి ల్యాప్‌టాపు.

ఇంత విద్య కలవాని వలన మనకు కష్టమేమి యందురా? సుఖముగా లేచు యంత్రము వారికి రుచింపదు. అదియే కష్టము. మీట నొక్కగనే మెలకువ వచ్చి పని చేయు కంప్యూటరు ముందు ఆయన, పెండ్లి పందిరిలో పని చెప్పబడని పెదతండ్రివలె, ఒక మూల కూర్చుండి నిట్టూర్చుచుందురు. అదే తెర నల్లబడి, తెల్లని యక్షరములు నాలుగు మొలచి, పిమ్మట ఒక గీత మిణుకుమిణుకుమనినదా, పంచె సవరించుకొని, కళ్ళజోడు తుడుచుకొని, "చిన్న పనే. పది నిమిషాలు" అందురు. ఆ పది నిమిషములలో మా యింట రెండు పూటల భోజనములు గడచిన దినములున్నవి.

కనుమనాడు కాకియైనను కదలదందురు. ఒక సంవత్సరము మా యింట కనుమనాడు డిస్కు విభాగములు కదలినవి. అయిదవ నెంబరు వాటాలో స్వాప్ అనబడు జాగా ఊరక పడియున్నదని వారికి కంటగింపైనది. జ్ఞాపకశక్తికి రెట్టింపు స్వాప్ ఉండవలెనని ఒకప్పుడు నాకు చెప్పి పెట్టించినవారు తామే. "అది పాత చట్టం" అని తామే తొలగించిరి. అయిదవది పోగానే ఆరవదిగా నున్న లైనక్సు వాటా ముందుకు జరిగి తానే అయిదవదైనది. ఈ సంగతి గ్రబ్బునకు ఎవరును చెప్పలేదు. యంత్రమును మరల లేపగా, అట్టి వాటా లేదని యొక పంక్తి, దాని క్రింద "గ్రబ్ రెస్క్యూ" అని యొక పంక్తి వెలసినవి. నా గుండె జారినది. వారి ముఖము వికసించినది. "ఆరో నెంబరు కోసం వెతుకుతోంది వెర్రిది! డిస్కుల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, వాటాల్ని ఒకటి నుంచి. ఇదో అలవాటు దీనికి" అని ముద్దుగా కోప్పడి, ఉన్న వాటాలన్నిటిని వరుసగా చదివించి, గ్రబ్బు సామానున్న చిరునామా అయిదవదని నేర్పి, నార్మల్ అను తునకను లోనికి పిలిచి, అదే మాటను మరల కొట్టగా, యథాపూర్వముగా పట్టిక కనబడినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. తాను త్రవ్విన నూతిలో పడినవానిని తానే పైకి లాగి నిలువెల్ల తుడిచిన మహానుభావునకు మా యావిడ గారెలు పెట్టినది. నూయి త్రవ్విన దెవరని అడిగిన పాపాత్ముడను నేనొక్కడనే. నాకు చల్లారినవి దక్కినవి.

మరియొకసారి, డిస్కులను పేర్లతో పిలువరాదని సెలవిచ్చిరి. నేడు రెండవదైనది రేపు ఒక క్రొత్త డిస్కు తగిలించినంతనే మూడవది కావచ్చును. కావున "చింతచెట్టు పక్కపొలం" అన్నట్లుగాక సర్వే నెంబరుతో పిలువవలెనట. ఆ నెంబరు అంకెలును అక్షరములును కలసి ముప్పదిరెండు, నడుమ నాలుగు గీతలు. దానిని యంత్రము నుండి యంత్రమే తీసికొనగలదు గదా యన్నచో వినక, ఫీల్డు పుస్తకములో చేతితో వ్రాసికొని, మరల దానినుండి చేతితోనే కొట్టిరి. నడుమనొక ఎనిమిది "బి" యైనది. అంతటితో మా కంప్యూటరు, వేళకు రాని వియ్యంకుని కొరకు ముహూర్తము నిలిపిన పురోహితునివలె, లేని డిస్కు కొరకు సరిగా 90 సెకనులు ఎదురుచూచి, అటుపై అత్యవసరస్థితి యని ప్రకటించి, రహస్యపదము నడుగుచు మొండికేసినది.

ఇవి యన్నియు నేను క్షమించితిని. రోహిణీకార్తెలోని యొక మధ్యాహ్నమును మాత్రము క్షమింపలేదు. ఈ వ్యాసము వ్రాయుట కదియే కారణము. లైనక్సునకు చోటు చాలలేదని, దాని కుడివైపుననున్న వాటా గట్టును ఇరువది గిగాబైట్లు కుడికి జరుపుదమని సంకల్పించిరి. ఆ కుడివాటాలో ముప్పదియేండ్ల నా వ్యాసములున్నవి. "గట్టు జరిపితే సరిపోదు తమ్ముడుగారూ, లోపలి మట్టినంతా తట్టలతో మొయ్యాలి. మూడు గంటలు" అనిరి. మా యూపీఎస్సు బ్యాటరీ రెండేండ్ల క్రిందటనే కాలధర్మము చెందినదని మనవి చేసితిని. "కరెంటు ఇప్పుడెందుకు పోతుంది?" అనిరి. గంటన్నరకు పోయినది. పంకా మెల్లగా ఆగినది. వారు చీకటి తెరను చూచుచు మాటలేక కూర్చుండిరి. నా వివాహము నాటినుండి వారు మాటలేక కూర్చుండగా చూచుట నాకదియే ప్రథమము. కొంతసేపటికి మెల్లగా నా వైపు తిరిగి, "బ్యాకప్పు తీశారా?" అని నన్నడిగిరి! మొదలుపెట్టుటకు ముందు కాదు, అప్పుడు, నన్ను!

టెస్ట్‌డిస్కు అను ప్రోగ్రాముతో పాత గట్టురాళ్ళు దొరికినవి గాని, లోపలి మన్ను సగము ఇటు, సగము అటునై యున్నది. ఇక గత్యంతరము లేక ఫొటోరెక్ అను దానిని దించిరి. అది పత్రములతోను గట్లతోను పని పెట్టుకొనక, మన్నంతయు జల్లెడపట్టి, దొరికిన ఫైలునెల్ల ఏరి పోయును. అయితే పేర్లు దక్కవు. నా వ్యాసములన్నియు నామగోత్రములు కోల్పోయి, ముందొక "ఎఫ్" అక్షరము తగిలించుకొన్న పొడుగాటి అంకెలై బయటపడినవి. ఆ యంకె ఆ ఫైలు దొరికిన సెక్టరుదట. "చూశారా, ప్రతి వ్యాసానికీ సర్వే నెంబరు!" అని ఆ దుఃఖములోను వారొక్కసారి వెలిగిరి. ఒక హరిదాసుగారి సంస్మరణ వ్యాసములో నడుమ మా యావిడ చీటీపాట లెక్కలు కలసి వచ్చినవి; దానిని చదివిన మిత్రుడొకడు నా శైలి ఇటీవల గాఢమైనదనెను.

కాని యొకమాట. వారు మూడు రాత్రులు నిదుర మానిరి. పింఛనుతో క్రొత్త డిస్కొకటి కొని తెచ్చిరి. పేర్లు లేని ఆ వందలాది ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి, ఆద్యంతము చదివి, తామే పేర్లు పెట్టిరి. నా వ్యాసములన్నిటిని ఆమూలాగ్రముగా చదివిన వ్యక్తి లోకమున ఆయన యొక్కరే యని నాకిప్పుడు రూఢిగా తెలియును; నా భార్య చదువలేదు, ముద్రించిన సంపాదకులును చదివియుండరు. వారు పెట్టిన పేర్లు నేటికిని అట్లే యుంచితిని: "ఊరిచెరువు, పొడుగెక్కువ". "అల్లుళ్ళ గురించి, అనవసరం". "గురువుగారు, ఏడుపొచ్చింది".

ఆ మూడు రాత్రులు ప్రక్కన కూర్చున్నందుకు ఫలముగా నాకును అంటుకొన్నది. యంత్రము పదునెనిమిది సెకనులలో లేచినచో నాకును ఇప్పుడు ఏదో వెలితిగా నుండును. మొన్న మా తమ్ముని కూతురు క్రొత్త ల్యాప్‌టాపుతో వచ్చి కాళ్ళకు దండము పెట్టగా, దీవించుటకు నోరు తెరచి, "ఎన్ని భాగాలు చేశారమ్మా?" అంటిని. వంటయింట గరిటె జారిన చప్పుడైనది. నేను పెరటిలోనికి పోయి తెనాలికి ఫోను చేసితిని.

"ఒక్కటే ముక్క, అన్నయ్యగారూ."

"ఏమీ ముట్టుకోకండి. బండి అందుకుంటున్నాను. బ్యాకప్పు తీశారా?"

"తీశాను."

అవతలివైపు కొంతసేపు నిశ్శబ్దము.

"అన్నీ తీసేశారా? ఒక్కటైనా వదల్లేదూ?"