మా రోజుల్లో పదకొండు మంది

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు మీద మా మనవడు, వాడి జతగాళ్లు ముగ్గురు కూర్చుని నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పేర్లు రాస్తున్నారు. రాస్తారు, కొట్టేస్తారు, తగువు పడతారు, మళ్లీ రాస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని తొంగి చూస్తే అది ఇండియన్ సూపర్ లీగ్ ఆల్‌టైమ్ జట్టట. ముందు వరసలో ఓగ్బెచే, కోరో, సునీల్ ఛెత్రి.

"ఆల్‌టైమ్ అంటే ఎప్పటినుంచిరా లెక్క?" అన్నాను.

"లీగ్ మొదలైనప్పటినుంచి జేజినాయనా. 2014."

నాకు ఒళ్లు మండింది. 2014 అంటే మొన్న. ఈ అరుగుకు నాపరాళ్లు వేయించి అంతకంటే ఎక్కువ ఏళ్లయింది. పట్టుమని ఇరవై ఏళ్లు నిండని లీగును పట్టుకుని సర్వకాలాలకూ గొప్ప జట్టు అంటే, అంతకుముందు ఈ దేశంలో బంతి తన్నినవాళ్లంతా ఏమైపోవాలి?

పిల్లల తప్పు కాదులే. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. హైదరాబాదులో ఫుట్‌బాల్ అంటే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి అనే జట్టు పుట్టినప్పుడే మొదలైందని వాళ్ల నమ్మకం. ఆ జట్టంటే నాకు కోపం లేదు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ జరిగిన రాత్రి నేనూ మా మనవడి పక్కనే కూర్చుని చూశాను. కేరళ బ్లాస్టర్స్‌తో ఒకటి ఒకటిగా ముగిసి పెనాల్టీల దాకా పోయింది. మన గోల్‌కీపరు కట్టిమణి మూడు ఆపినాడు. కప్పు మనదయింది. ఆ రాత్రి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హైదరాబాదు పేరున్న జట్టు దేశంలో మొదటి స్థానంలో నిలబడటం మళ్లీ చూస్తానని అనుకోలేదు.

మూడేళ్లు గడిచాయో లేదో, 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. గచ్చిబౌలి స్టేడియంలో గొంతు చించుకుని అరిచిన పిల్లలు ఇప్పుడు ఎవరి కోసం అరవాలి? దుకాణం ఒక బజారు నుంచి ఇంకో బజారుకు మార్చినట్టు జట్టును మార్చేశారు. మా రోజుల్లో జట్టును అట్లా ఎత్తుకుపోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఎందుకంటే ఆ జట్టులోని పిల్లలు ఆ వీధుల్లోనే పుట్టి, ఆ మైదానాల్లోనే మోకాళ్లు చెక్కుకుని పెరిగినవాళ్లు.

అందుకే ఆ కాగితం వెనక్కి తిప్పించాను. "రాయండి, నేను చెబుతా. హైదరాబాద్ ఆల్‌టైమ్ జట్టు" అన్నాను. మొదట కోచ్ పేరుతో మొదలుపెట్టమన్నాను. పిల్లలు వింతగా చూశారు. ఆటగాళ్లను వదిలి కోచ్ ఏంటని.

సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్. వృత్తికి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పినాయన. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పు తెచ్చింది. భారత జట్టు ఆయన కింద 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటితో ఓడి తలదించుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను నాలుగు రెండుతో కొట్టి సెమీఫైనల్‌కు పోయింది. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. ఈ మాట చెబితే పిల్లలు ఫోన్లో వెతికి చూసుకున్నారు, నేను అబద్ధం చెబుతున్నానేమోనని.

మా పెద్దనాయన హైదరాబాదులో పోలీసు కానిస్టేబులుగా పనిచేశాడు. సెలవులకు ఊరికొస్తే పెరట్లో మంచం మీద కూర్చుని రహీమ్ సాబ్ కథలే చెప్పేవాడు. కుడికాలి ఆటగాళ్లకు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ఒంటరిగా పరిగెత్తకూడదు, తగిలిన వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలని పోటీలు పెట్టేవారట. పొట్టివాళ్లకు వేరే పోటీలు. మా ఊళ్లో శిల్పుల దగ్గర పని నేర్చుకునే పిల్లవాణ్ని చూడండి. మొదటిరోజే దేవుడి ముఖం చెక్కనివ్వరు. రాయి చదును చేయడమే పని. చెయ్యి కుదిరేదాకా అదే. రహీమ్ సాబ్ చేసింది అదే. ఇప్పుడు ఆటగాణ్ని తయారు చేసే ఓపిక ఎవరికుంది? తయారైనవాణ్ని కొనుక్కొచ్చి తెల్లారేసరికి చొక్కా తొడిగేస్తున్నారు.

సరే, జట్టు. నాది ఆ కాలపు పద్ధతి. ముగ్గురు బ్యాకులు, ఇద్దరు హాఫ్‌బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు.

గోల్‌లో పీటర్ తంగరాజ్. ఇందులో రెండో మాట లేదు. హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, సైన్యం జట్టుకు, తర్వాత కలకత్తా పెద్ద జట్లన్నిటికీ ఆడినవాడు. 1958లో ఆసియాలోకెల్లా మేటి గోల్‌కీపరు అనిపించుకున్నాడు. వెనక అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, నయీముద్దీన్. మొదటి ఇద్దరూ మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లు. నయీముద్దీన్ 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్నవాడు. హాఫ్‌బ్యాకులుగా నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్. యూసుఫ్ ఖాన్‌ను ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడని మా పెద్దనాయన మాట. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఆడినవాడు.

ఇక్కడిదాకా పిల్లలు నోరెత్తకుండా రాసుకున్నారు. ముందు వరసకు వచ్చేసరికి నేనే ఆగిపోయాను.

ఎడమ అంచున తులసీదాస్ బలరామ్. ఈయన గురించి ఒక్క వాక్యంలో చెప్పి వదలడం నాకు చేతకాదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు. రహీమ్ సాబ్ ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మంటే, రావడానికి సైకిలు లేదన్నాడట. కిరాయి సైకిలుకు డబ్బులు రహీమ్ సాబే ఇచ్చారు. ఆ కిరాయి సైకిలు మీద వచ్చిన పిల్లవాడు ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్‌లో ఉన్నాడు. రోమ్ వెళ్లాడు. జకార్తాలో బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. జబ్బు చేసి ముప్పై ఏళ్లు నిండకుండానే ఆట మానుకోవాల్సి వచ్చింది. తర్వాత బతుకంతా కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలోనే గడిపి, 2023 ఫిబ్రవరిలో పోయాడు. అమ్ముగూడ పిల్లవాణ్ని మనం కాపాడుకోలేదు. ఆయన ఫొటో ఒక్కటైనా మన బడిపుస్తకాల్లో ఉందా?

రెండు ఇన్‌సైడ్ ఫార్వర్డు స్థానాల్లో జుల్ఫికర్, మహమ్మద్ హబీబ్. హబీబ్ ఆట నేను కళ్లారా చూశాను. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నంద్యాలలో మీటర్‌గేజి బండెక్కి, ద్రోణాచలంలో మారి, కాచిగూడలో దిగేవాణ్ని. లాల్ బహదూర్ స్టేడియంలో ఆట ఉందంటే రాత్రి భోజనం మానేసి ఆ డబ్బుతో టిక్కెట్టు కొనేవాళ్లం. హబీబ్ పెద్ద ఆకారమున్న మనిషి కాదు. కానీ బంతి ఎదుటివాడి కాళ్ల దగ్గర ఉంటే ఊరుకునేవాడు కాదు. ఉద్యోగాలు వద్దని ఆటనే వృత్తిగా పెట్టుకున్నవాడు.

1977 నంద్యాలలో ఎవరూ మరిచిపోలేని సంవత్సరం. రాష్ట్రమంతా ఒకవైపు పోతే మా నంద్యాల ఒక్కటే నీలం సంజీవరెడ్డి గారిని గెలిపించి లోక్‌సభకు పంపింది. జులైలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఊరంతా అదే మాట. ఆ సెప్టెంబరులో పీలే కలకత్తా వచ్చాడు, న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో. ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ వాళ్లతో రెండు రెండుగా సమం చేసింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది. మర్నాడు పేపరు పట్టుకుని నంద్యాల బజారులో ఒక్కో అంగడికీ పోయి చూపించాను. సంజీవరెడ్డి గారి సంగతి తప్ప ఇంకేమీ పట్టనివాళ్లు కూడా ఆ పేరు రెండోసారి చదివారు. హైదరాబాదు పిల్లవాడు పీలే ఎదుట గోల్ కొట్టాడు. ఆ కాగితం చాలా ఏళ్లు దాచుకున్నాను, చెదలు పట్టి పోయింది.

సెంటర్ ఫార్వర్డు షబ్బీర్ అలీ. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ కప్పు పంచుకున్న జట్టుకు కెప్టెన్. ఇంక మిగిలింది కుడి అంచు. రోమ్ వెళ్లిన కన్నన్ పేరు రాయించాను.

"నువ్వు చూడనివాళ్లను ఎట్లా ఎంచుకుంటావు జేజినాయనా?" అన్నాడు మా మనవడు. మంచి ప్రశ్నే. ఈ పదకొండు మందిలో నేను చూసింది ముగ్గురినే. మిగతావాళ్ల ఆట చూసినవాళ్ల నోట విన్నాను. ఒకరు కాదు, ఇరవైమంది నోట. వీడియో లేనంత మాత్రాన ఆట జరగలేదని కాదు కదా. పిల్లలు జకార్తా ఫైనల్ కోసం వెతికారు. దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించిన ఆట, స్టేడియమంతా మనకు ఎదురు తిరిగి అరిచిన ఆట. రహీమ్ సాబ్ కేన్సర్‌తో బాధపడుతూనే ఆడించిన ఆట. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కన్నుమూశారు. పిల్లలకు దొరికినవి ఆయన మీద తీసిన సినిమా ముక్కలే, మైదాన్ అని, 2024లో వచ్చింది. "ఈయన అజయ్ దేవగన్ కదా" అన్నారు. ఏం చెప్పాలి?

ఇంకో మాట కూడా చెప్పాను. వాళ్లు రాసుకున్న సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులోనే. వాళ్లెవరికీ తెలియదు. నా జట్టులో ఎందుకు లేడంటే, ఆట నేర్చుకున్నది ఇక్కడి మైదానాల్లో కాదు. పుట్టుక ఒక్కటే చాలదు నాకు.

మైదానాలంటే గుర్తొచ్చింది. నంద్యాలలో మేము బడి వదలగానే చొక్కాలు విప్పి గట్టున పడేసి ఆడేవాళ్లం, వట్టి కాళ్లతో. బంతి ఒక్కటే. తోలు ముక్కలు కుట్టిన బంతి, లోపల రబ్బరు బ్లాడరు. సైకిలు పంపుతో గాలి కొట్టి, బ్లాడరు మూతి దారంతో బిగించి, మడిచి లోపలికి తోసి, పైన తోలు లేసును ఇనుప సూదితో లాగి కట్టాలి. లేసు వదులైతే ఆట మధ్యలో బ్లాడరు నాలుకలాగా బయటికొచ్చేది. వాన పడితే తోలు నీళ్లు తాగి రాయంత బరువయ్యేది. లేసు ఉన్న వైపు తల ఆనిస్తే నుదుటి మీద ఎర్రగా గీత పడేది. ఆ గీత చూసి మా అమ్మ తిట్టేది. మేమాడిన ఆ నేలలో ఇప్పుడు సగం గోడలు లేచాయి, మిగిలిన సగానికి గేటు, తాళం. మా మనవడికి మూడువేల రూపాయల బూట్లున్నాయి. ఆడటానికి చోటు లేదు.

హైదరాబాదు జట్టు 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ ట్రోఫీ తెలుగునాటికి మళ్లీ రాలేదు. అరవై ఏళ్లు. ఇందులో మా తరం తప్పూ ఉంది. బలరామ్, హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ ఒక్కొక్కరే కలకత్తా బండెక్కుతుంటే, పెద్ద జట్లకు పోతున్నారని మేము గర్వపడ్డాం తప్ప, వాళ్ల చోటు నింపే పిల్లలు ఎక్కడి నుంచి రావాలని అడగలేదు.

సాయంత్రం కాగితాన్ని మా మనవడు ఫొటో తీసి నంద్యాలలోని నా చిన్ననాటి జతగాడికి పంపినాడు. ఆయన నాతో పాటు ఆ లేసు బంతి ఆడినవాడు, బజారులో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాడు. పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఏం మామా, బుద్ధుందా నీకు? అక్బర్ ఏడీ?"

హబీబ్ తమ్ముడు అక్బర్. 1976లో కలకత్తా లీగులో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదిహేడు సెకన్లకే గోల్ కొట్టినవాడు. సెంటర్ ఫార్వర్డు ఒక్కడే కదా, షబ్బీర్‌ను తీసేయమంటావా అన్నాను. షబ్బీర్‌ను ఎందుకు తీస్తావు, కన్నన్‌ను తీసెయ్యి, అక్బర్‌ను అంచుకు జరుపు అన్నాడు. అక్బర్ అంచున ఆడే ఆటగాడా అని నేను. నీకేం తెలుసని ఆయన. అరగంట గడిచినా తెగలేదు. పిల్లలు స్పీకరు పెట్టుకుని వింటున్నారు, ఒకడు కన్నన్ పేరు పక్కన పెన్సిలుతో అక్బర్ అని చిన్నగా రాసుకున్నాడు.

"పొద్దున బస్సుకు వస్తాండా. కాగితం అట్లే పెట్టు, ఎవురినీ రాయనియ్యద్దు" అని పెట్టేశాడు. శిరివెళ్ల దాటినాక ఫోన్ చెయ్యమని చెప్పడం మరిచిపోయాను.